పోటు నుంచి కరెంటు

మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగరసంగమంలో మునకేసేవాళ్ల కాళ్ల కింద నీరు మిగతా రోజులకన్నా ఎక్కువగా పొంగుతుంది. పున్నమికీ అమావాస్యకీ సూర్యచంద్రులు ఒకే వరసలో ఉండి సముద్రాన్ని లాగడమే కారణం. అష్టమి నాటికి ఆ ఊపు తగ్గుతుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. హంసలదీవి ఉన్న దివిసీమలో చేపల వేటగాళ్లకు ఇది తిథి చూసి చెప్పగల లెక్క.

ఈ నీటిచేత పని చేయించుకోవడం కొత్త కాదు. ఉత్తర ఐర్లాండులోని నెండ్రం మఠం దగ్గర 7వ శతాబ్దపు పిండిమర ఆనవాళ్లు బయటపడ్డాయి. పోటు నీటిని కట్ట వెనక ఆపి, పాటు వేళ వదిలి చక్రం తిప్పేవారు. 1966లో ఫ్రాన్సు రాన్స్ నది ముఖద్వారాన కట్టిన 240 మెగావాట్ల కేంద్రానిదీ అదే కిటుకు. 2011లో దక్షిణ కొరియా షిహ్వా కేంద్రం 254 మెగావాట్లతో దాన్ని దాటింది.

అలలది వేరే దారి. 1799లోనే పారిస్‌లో గిరార్డ్ తండ్రీకొడుకులు అలలతో యంత్రాలు నడిపే ఉపాయానికి పేటెంటు తీసుకున్నారు. మన దేశంలో ఐఐటీ మద్రాసు శాస్త్రవేత్తలు కేరళలోని విళింజంలో 1991లో 150 కిలోవాట్ల ప్రయోగ కేంద్రాన్ని నడిపించారు. అదొక బోలు కాంక్రీటు గది. అల లోపలికి వస్తే గదిలో నీరు లేచి గాలిని పైకి నెడుతుంది, అల దిగితే గాలి వెనక్కి వస్తుంది. గాలి ఎటు వీచినా ఒకే దిక్కున తిరిగే టర్బైను దానికి ప్రాణం. బెల్‌ఫాస్ట్‌లో అలన్ వెల్స్ రూపొందించిన ఆ చక్రం నాకు ఈ చరిత్ర మొత్తంలో అందమైన ఊహ. విళింజం కరెంటుతో తర్వాత ఉప్పునీటిని మంచినీరుగానూ మార్చారు.

మరి దివిసీమ ఉన్న కృష్ణా డెల్టా సంగతి? కట్టకట్టి తీసే కరెంటు పోటు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రాన్స్‌లో సగటు ఎత్తు సుమారు 8 మీటర్లు. మన తీరంలో ఒకటిన్నర మీటరు అనుకున్నా, అంతే వైశాల్యానికి అక్కడ 28 రెట్లు శక్తి ఉన్నట్టు. అందుకే దేశంలో పోటు కరెంటు అంటే ముందు చూపు పడేది గుజరాత్ ఖంభాత్ సింధుశాఖ మీదే. మన తీరంలోని కాస్త శక్తి కోసం మడ అడవుల పాయలకు అడ్డుకట్ట వేయడం తప్పు. ఆ చెట్లు బతికేదే రోజూ వచ్చిపోయే ఉప్పునీటితో.

ఈసారి దివిసీమలో నాగాయలంక వైపు వెళ్తే, రేవు దగ్గర గుంజ మీద పోటు గీతనూ పాటు గీతనూ కొలిచి చూడండి.