ఒకే నీళ్లు, ఒకే మాటలు, వేర్వేరు దేవుళ్లు

2001 జూన్ 5న వాటికన్‌లోని విశ్వాస సిద్ధాంత మండలి ఒక ప్రశ్నకు ఒక్క మాటలో జవాబిచ్చింది. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో పుట్టిన మోర్మన్ సంఘం ఇచ్చే బాప్తిస్మం చెల్లుతుందా అన్నది ప్రశ్న, చెల్లదన్నది జవాబు. పోపు రెండవ జాన్ పాల్ ఆమోదించిన ఆ పత్రం మీద సంతకం చేసినవారు మండలి అధిపతి కార్డినల్ జోసెఫ్ రాట్జింగర్. నాలుగేళ్ల తర్వాత పదహారవ బెనెడిక్ట్ పేరుతో పోపు అయినది ఆయనే. అంతకుముందు చాలాచోట్ల కేథలిక్ గురువులు మోర్మన్ బాప్తిస్మాన్ని చెల్లుబాటైనదిగానే లెక్కించేవారు. రెండు సంఘాల మధ్య ఉన్న సిద్ధాంత విభేదాలన్నీ ఆ ఒక్క జవాబు వెనుక ఉన్నాయి.

ఈ నిర్ణయం ఎంత అరుదైనదో తెలియాలంటే పాత చరిత్ర చూడాలి. బాప్తిస్మం విషయంలో రోమ్ మొదటినుంచీ ఉదారంగానే ఉంది. మూడో శతాబ్దంలో, సంఘం నుంచి విడిపోయినవారు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని కార్తేజ్ పీఠాధిపతి సిప్రియన్ వాదించారు. చెల్లుతుందని, మళ్లీ ఇవ్వకూడదని పోపు స్తెఫాను పట్టుబట్టారు. తర్వాత, ఇచ్చే గురువు యోగ్యుడు కాకపోతే బాప్తిస్మం చెల్లదన్న దొనాటిస్టులతో వాదంలో అగస్టీను దీనికి పునాది వేశారు. చేసే మనిషి యోగ్యత లెక్కలోకి రాదని, నిజంగా బాప్తిస్మం ఇచ్చేది క్రీస్తేనని ఆయన చెప్పారు. అందుకే ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు మంత్రసాని ఇచ్చినా, చివరకు క్రైస్తవుడు కాని మనిషి ఇచ్చినా చెల్లుతుంది. నీళ్లుండాలి, తండ్రి, కుమార, పవిత్రాత్మల నామం పలకాలి, సంఘం చేసే పనే తానూ చేస్తున్నానన్న ఉద్దేశం ఉండాలి. ఇంత తక్కువ అడిగే సంఘం మోర్మన్లను కాదనడం చిన్న విషయం కాదు.

మోర్మన్లు నీటిలో పూర్తిగా ముంచుతారు, ముగ్గురి నామమూ పలుకుతారు. పైకి చూస్తే లోపం కనిపించదు. వాటికన్ పత్రికలో ఈ నిర్ణయాన్ని వివరించిన జెస్విట్ పండితుడు లూయిస్ లదారియా చూపించిన తేడా, ఆ పేర్లు ఎవరిని సూచిస్తున్నాయన్న దగ్గర ఉంది. 325 నాటి నిసియా మహాసభ నుంచి కేథలిక్కులకు తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ ఒకే దైవస్వభావం గల ముగ్గురు వ్యక్తులు, ఒక్కడే దేవుడు. మోర్మన్ బోధలో వారు ముగ్గురు వేర్వేరు జీవులు. సంకల్పంలో ఒకటే, స్వభావంలో కాదు. తండ్రికి మనిషికి లాగే మాంసమూ ఎముకలూ ఉన్న దేహం ఉంది. పరలోకంలో తల్లి కూడా ఉంది.

ఈ బోధ ఒక్కరోజులో రూపుదిద్దుకోలేదు. 1830లో అచ్చయిన మోర్మన్ గ్రంథంలో ముగ్గురూ ఒకే దేవుడన్న భాష ఇంకా కనిపిస్తుంది. 1844 ఏప్రిల్‌లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో స్థాపకుడు జోసెఫ్ స్మిత్ చేసిన ప్రసంగం నాటికి ఆలోచన చాలా దూరం వచ్చింది. దేవుడూ ఒకప్పుడు మనలాంటివాడేనని, మనుషులు దైవత్వానికి ఎదగగలరని అందులో చెప్పాడు. రెండు నెలలు గడిచాక కార్తేజ్ అనే ఊరి జైలులో ఒక గుంపు అతన్ని కాల్చి చంపింది. ఆ ప్రసంగం మోర్మన్ల పవిత్ర గ్రంథాల్లో చేరలేదు గాని దాని ప్రభావం మాత్రం చెరగలేదు.

విభేదం అసలు లోతు ఇక్కడే ఉంది. మనిషి దైవజీవంలో పాలు పొందుతాడని కేథలిక్ సంప్రదాయమూ చెబుతుంది, తూర్పు సంఘాల పితరులు ఇంకా గట్టిగా చెప్పారు. కానీ అక్కడ సృష్టికర్తకూ సృష్టికీ మధ్య ఉన్న అంతరం ఎన్నటికీ చెరగదు. దేవుడు శూన్యం నుంచి సమస్తాన్నీ కలిగించాడని 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ ప్రకటించింది. మోర్మన్ దృష్టిలో పదార్థం అనాది, దేవుడు దాన్ని క్రమపరిచాడు. దేవుడూ మనిషీ ఒకే జాతివారు, ఒకరు ముందున్నారు, మరొకరు వెనక వస్తున్నారు. దీన్ని ఒప్పుకుంటే మిగతా సిద్ధాంతమంతా మారిపోతుంది.

రెండో పెద్ద తగవు అధికారం గురించి. అపొస్తలులు గతించాక సంఘం దారి తప్పిందని, గురుత్వాధికారం భూమి మీద లేకుండా పోయిందని మోర్మన్లు నమ్ముతారు. 1829 మే నెలలో పెన్సిల్వేనియాలో సస్క్వెహానా నది దగ్గర బాప్తిస్మమిచ్చే యోహాను ప్రత్యక్షమై స్మిత్‌కూ, అతని సహచరుడు ఆలివర్ కౌడరీకీ ఆ అధికారం తిరిగి ఇచ్చాడని వారి విశ్వాసం. కనుక ఆ పరంపరకు బయట ఎవరిచ్చిన బాప్తిస్మమూ వారికి చెల్లదు. పేతురు నుంచి పోపుల దాకా తెగని గొలుసు ఉందని చెప్పే రోమ్‌కు ఇంతకంటే సూటి సవాలు ఉండదు. శిశు బాప్తిస్మం మీదా ఇలాంటి పేచీయే ఉంది. జన్మపాపం తొలగడానికి కేథలిక్కులు పసిబిడ్డలకే ఇస్తారు. ఆదాము తప్పుకు ఎవరూ శిక్ష అనుభవించరనే మోర్మన్లు ఎనిమిదేళ్ల దాకా ఆగుతారు.

చనిపోయినవారి కోసం బతికున్నవారు పొందే బాప్తిస్మం మరింత సున్నితమైనది. 1840లో నావూలో మొదలైన ఈ ఆచారం కోసమే మోర్మన్లు ప్రపంచమంతటా వంశావళి రికార్డులు సేకరిస్తారు. పరలోకంలో ఆ ఆత్మ దాన్ని స్వీకరించవచ్చు, కాదనవచ్చు అని వారి వివరణ. అయినా తమ పూర్వికుల పేర్లు ఇలా వాడడం కేథలిక్ అధికారులకు నచ్చలేదు. విచారణల, అంటే స్థానిక చర్చిల, రిజిస్టర్లు మోర్మన్లకు చెందిన యూటా వంశావళి సంస్థకు ఇవ్వవద్దని 2008లో వాటికన్ పీఠాధిపతులను కోరింది. గతించినవారి పట్ల ప్రేమ రెండు వైపులా ఉన్నదే. ఒకరు వారి కోసం ప్రార్థన చేసి దివ్యబలి అర్పిస్తారు, మరొకరు వారి పేర నీటిలో మునుగుతారు.

సిద్ధాంతంలో ఇంత దూరం ఉన్నా మనుషుల మధ్య మర్యాద నిలిచింది. 1879లో యూటాలోని సెయింట్ జార్జ్‌లో పూజకు చోటు లేని కేథలిక్ గురువు లారెన్స్ స్కాన్లన్‌కు మోర్మన్లు తమ ప్రార్థనా మందిరం ఇచ్చారు. వారి గాయక బృందం లాటిన్ పూజాగీతాలు నేర్చుకుని మరీ పాడింది. 2019 మార్చి 9న మోర్మన్ సంఘ అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ వాటికన్‌లో పోపు ఫ్రాన్సిస్‌ను కలిశారు. రోమ్‌లో కట్టిన తమ ఆలయ ప్రతిష్ఠకు ఆయన వచ్చిన సందర్భమది.

2001 నాటి జవాబు మాత్రం మారలేదు. కేథలిక్ సంఘంలో చేరాలనుకునే మోర్మన్ కొత్తగా బాప్తిస్మం పొందాలి. కేథలిక్, మోర్మన్ పెళ్లాడితే సంఘ చట్టం దాన్ని బాప్తిస్మం పొందినవారికీ పొందనివారికీ జరిగే వివాహంగా చూస్తుంది, పీఠాధిపతి ప్రత్యేక మినహాయింపు ఇవ్వాలి. 1970ల చివర నుంచి మోర్మన్ సంఘం ఉన్న హైదరాబాద్‌లోని కేథలిక్ విచారణలకూ ఇదే నియమం. ఇటునుంచి అటు వెళ్లే కేథలిక్కు కూడా మళ్లీ నీటిలో మునగాల్సిందే.