జామియా నీడన పెరిగిన బస్తీలు

సికింద్రాబాదు నుండి కాచిగూడ వైపు వెళ్ళే రైలులో సీతాఫల్‌మండి దాటాక ‘జామై ఉస్మానియా’ అని ఒక చిన్న స్టేషను వస్తుంది. మన పిల్లల్ని అడిగి చూడండి, ఆ పేరుకు అర్థం చెప్పగలవాళ్ళు ఎంతమందో! ఎవరో నవాబుగారి పేరు కాబోలు అనుకునేవాళ్ళే ఎక్కువ. జామియా అంటే విశ్వవిద్యాలయం. ఆ పేరులో వంద సంవత్సరాల చరిత్ర దాగి ఉంది. అందులో మన తాతల పాలు కూడా కొంత ఉన్నది గనుక, సావనీరు మూలకంగా నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

యూనివర్సిటీ రాకముందు ఈ ప్రాంతమంతా బండరాళ్ళు, చెట్లు, అక్కడక్కడా బావులు. అడిక్‌మెట్ ప్రాంతంలో మహ్‌లఖా బాయి చందాకు జాగీరు ఉండేది. ఆమె 1768లో పుట్టి 1824లో కన్నుమూసింది. ఉర్దూలో దీవాన్ కూర్చిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. సమాధి మౌలాలీ గుట్ట కింద ఉంది. ఆమె పేరు చెప్పుకునే మెట్లబావి నేటికీ ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. అంటే చదువుల తల్లి రాకముందే ఈ నేల మీద ఒక కవయిత్రి అడుగుపెట్టిందన్నమాట.

ఇక యూనివర్సిటీ కథ. అప్పట్లో దేశంలో పెద్ద చదువంటే ఇంగ్లీషే. పరాయి భాషలో పాఠం బట్టీపట్టడంతోనే విద్యార్థి బుర్ర అలసిపోతున్నదనీ, దేశభాషలో చదువు చెప్పాలనీ అక్బర్ హైదరీ నిజాం ప్రభువుకు విన్నవించారు. 1917లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా జారీ చేశారు. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇంగ్లీషు అందరూ చదవవలసిన సబ్జెక్టే గాని, పాఠాలన్నీ ఉర్దూలోనే. మొదట చేరిన విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది.

మరి పుస్తకాలో? అవి లేవు! అందుకే కాలేజీ కంటే ముందే 1917లో దారుల్ తర్జుమా, అంటే అనువాద శాఖ తెరిచారు. బాబా-ఎ-ఉర్దూగా పేరుపొందిన మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని బాధ్యత చూశారు. జోష్ మలీహాబాదీ వంటి కవి కూడా అక్కడ కొలువు చేశారు. ఒక్కొక్క శాస్త్రపదానికి సరైన మాట కోసం పండితులు కూర్చుని వాదించుకునేవారు. తబీయాత్, కీమియా, రియాజీ – భౌతికం, రసాయనం, గణితం – అన్నీ ఉర్దూలోకి వచ్చాయి. చివరకు డాక్టరీ చదువు కూడా! ఇక్కడ చదివిన రజియుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి, లీప్జిగ్‌కు వెళ్ళి గణితశాస్త్రంలో పేరు గడించారు. ఉర్దూలో చదివితే పైకి రాలేరన్నవాళ్ళకు ఆయనే జవాబు.

స్థిరమైన భవనాల కోసం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజనీర్లను దేశదేశాలు తిప్పి చూపించారు. బెల్జియం దేశస్థుడైన ఎర్నెస్ట్ జాస్పర్ ప్లాను గీశాడు. 1934లో పునాదిరాయి పడింది, 1939 డిసెంబరు 4న ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమయింది. ఆ భవనాన్ని నిదానంగా చూడండి: కమాను ముస్లిము శైలిది, స్తంభాలు అజంతా, ఎల్లోరాలను గుర్తుకు తెస్తాయి. రాయి మాత్రం మన దక్కను గ్రానైటు.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. రాజ్యంలో ఎక్కువమంది మాతృభాష తెలుగు. మరాఠీ, కన్నడం వాళ్ళూ ఉన్నారు. ‘దేశభాషలో చదువు’ అన్న మంచిమాట వాళ్ళ ఇంటి గుమ్మం దాకా రాలేదు. పల్లె నుండి వచ్చిన తెలుగు పిల్లవాడికి ఉర్దూ కూడా నేర్చుకోవలసిన భాషే. ఆ బాధను కాదనలేము. 1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు వందలాది విద్యార్థులను బయటికి పంపితే, నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్ళను ఆదరించింది. ఇదీ ఈ గోడల చరిత్రే. అదే గోడల మధ్య రాయప్రోలు సుబ్బారావుగారు తెలుగు పాఠం చెప్పారు. మఖ్దూం మొహియుద్దీన్ ఎం.ఏ. చదివారు. ఉర్దూ మీడియంలో చదివిన సి. నారాయణరెడ్డిగారు తెలుగులో జ్ఞానపీఠం అందుకున్నారు. భాష ఎవడి సొత్తూ కాదు, నేర్చినవాడిదే.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. ఉర్దూలో పాఠాలు రాసుకున్న మేష్టర్లు నడివయస్సులో మళ్ళీ మొదటి నుండి తయారుకావలసి వచ్చింది. కొందరు దేశం విడిచి వెళ్ళారు. అంత కష్టపడి చేసిన తర్జుమాలు బీరువాల పాలయ్యాయి. ఉర్దూలో ఉన్నత విద్య మళ్ళీ నిలదొక్కుకోవడానికి 1998లో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ వచ్చేదాకా, అంటే యాభై ఏళ్ళు ఆగవలసి వచ్చింది.

ఆగనిది ఒకటుంది. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ ఇప్పటికీ క్యాంపస్‌లోనే ఉంది. అరబ్బీ వ్రాతప్రతులను సరిచూసి అచ్చువేయడం దాని పని. అల్‌బిరూనీ ఖగోళ గ్రంథం ‘ఖానూన్’ ఇక్కడ అచ్చయినదే. అరబ్బు దేశాల పండితులు సైతం హైదరాబాదు ప్రతి చూస్తారు. పక్క వీధిలో ఉన్న మనం గుమ్మం ఎక్కి చూశామా?

యూనివర్సిటీ చుట్టూ విద్యానగర్, నల్లకుంట, తార్నాక, మాణికేశ్వర్‌నగర్ పెరిగాయి. ప్రొఫెసర్లే కాదు, గుమాస్తాలు, అటెండర్లు, మెస్సు వంటవాళ్ళు, రాళ్ళు కొట్టినవాళ్ళు, జిల్దు కట్టేవాళ్ళు, ఛాయ్ హోటళ్ళవాళ్ళు ఈ బస్తీలను నిలబెట్టారు. 1969లోనూ 2009లోనూ తెలంగాణ ఉద్యమాల వేడి ముందు తగిలింది ఈ ఇళ్ళకే. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. పెంకుటిళ్ళు పోయి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది పాత కాగితాలు కబాడీవాడి తక్కెడలోకి పోతున్నాయి.

కాబట్టి నా విన్నపం ఇదొక్కటే. మీ ఇంట్లో తాతగారి సనదు, ఉర్దూ పాఠ్యపుస్తకం, హాస్టలు ఫోటో, జీతపు రసీదు – ఏదున్నా కిలోల లెక్కన అమ్మవద్దు. చదవడం రాకపోతే చదవగలిగిన పెద్దవాళ్ళకు ఇంకా ఓపిక ఉండగానే చూపించండి. వెనకవైపు పేరు, సంవత్సరం వ్రాసి పెట్టండి. వచ్చే ఆదివారం పిల్లల చెయ్యి పట్టుకుని ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా నడవండి. ‘ఇది ఎవరో కట్టించారు’ అని ఊరుకోక, ‘ఇక్కడ మనవాళ్ళు ఫలానా పని చేశారు’ అని చెప్పండి. ఆ ఒక్క మాటతో స్టేషను పేరుకు వాళ్ళకు అర్థం తెలుస్తుంది.