పాత అంబాసిడర్‌కు మరమ్మతు చేసిన ఇంజను: కూర్పులో, ఎక్కింపులో తప్పనిసరి జాగ్రత్తలు

లేత్ షాపు నుంచి తిరిగి వచ్చిన ఇంజను బ్లాకు కొత్తదానివలె మెరుస్తుంది. అయితే బోరు పని ఎంత నిక్కచ్చిగా జరిగినా, ఆ తరువాతి కూర్పులోనో, తొలి ఇరవై నిమిషాల నడకలోనో దొర్లే ఒక్క లోపం ఆ శ్రమనంతటినీ వృథా చేయగలదు. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ ఉత్పత్తి 2014 మే నెలలో నిలిచిపోయింది. ఇప్పుడు మిగిలిన ప్రతి ఇంజనుకూ మరమ్మతు అవకాశాలు పరిమితం.

ఈ పరిమితిని అంగుళాల్లోనే కొలవవచ్చు. 1959 నుంచి అంబాసిడర్‌లో వాడుకకు వచ్చిన 1,489 సి.సి. బి.ఎం.సి. పెట్రోలు ఇంజనుకు అధిక పరిమాణపు పిస్టన్లు 0.010, 0.020, 0.030, 0.040 అంగుళాల మెట్లలో లభించేవి. ఒక్కొక్క బోరుతో ఒక్కొక్క మెట్టు ఖర్చవుతుంది. చివరి మెట్టు దాటితే బ్లాకుకు స్లీవులు వేయించవలసిందే. క్రాంక్ షాఫ్టు సానకూ ఇటువంటి హద్దే ఉంది. కాబట్టి కూర్పులో నిర్లక్ష్యం కేవలం డబ్బు నష్టంతో పోదు, ఒక మెట్టును శాశ్వతంగా మింగేస్తుంది.

హావ్‌డా–ముంబయి ప్రధాన మార్గంలో బిలాస్‌పూర్‌కు తూర్పున ఉన్న గతౌరా వంటి చోట అదనపు చిక్కు ధూళి. కోర్బా గనుల బొగ్గు చాంపా మీదుగా ఈ దారినే పడమరకు సాగుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన ప్రాంతమిది. బోరు పని పట్టణంలో చేయించి, కూర్పు ఇంటి షెడ్డులో పెట్టుకునేవారు ముందుగా నేల తడిపి, తలుపులు మూసి, విప్పిన భాగాలపై శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచడం అవసరం.

అంతకన్నా ప్రమాదకరమైన ధూళి బ్లాకు లోపలే ఉంటుంది. బోరు, హోనింగ్ పనులలో రాలిన లోహపు పొడి, రాతి రజను ఆయిల్ దారుల్లో చేరుతాయి. కిరోసిన్ ఒక్కటే చాలదు. వేడి సబ్బునీటితో బోర్లను రుద్ది కడిగి, ఆయిల్ దారుల్లోకి గాలి కొట్టి, ఆరిన వెంటనే నూనె పూయాలి. ఆలస్యమైతే గంటల్లోనే తుప్పు పడుతుంది. తెల్లగుడ్డకు నూనె అద్ది బోరు తుడిచినప్పుడు బూడిదరంగు అంటినంతకాలం కడగడం పూర్తి కానట్టే. క్రాంక్ షాఫ్టులోని రంధ్రాలకూ ఇదే నియమం.

బేరింగు చిప్పల వెనుక భాగం పొడిగా, ముఖభాగం నూనెతో ఉండాలి. క్యాపులు ఏ స్థానానివి ఆ స్థానంలోనే, అదే దిశలో కూర్చోవాలి. ఒక్కొక్క క్యాపు బిగించిన వెంటనే క్రాంకును చేత్తో తిప్పి చూడటం పాత మేస్త్రీల పద్ధతి. ఎక్కడ బిగుసుకుందో అప్పుడే తెలుస్తుంది. అన్నీ బిగించాక తెలుసుకోవడం కష్టం. పిస్టన్ రింగును పిస్టన్‌కు ఎక్కించక మునుపే బోరులో విడిగా ఉంచి, దాని కొసల సందును ఫీలర్ గేజితో కొలవాలి. ఆ సందు చాలకపోతే వేడికి కొసలు ఒకదానినొకటి ఒరుసుకుని బోరును గీస్తాయి. టైమింగ్ చక్రాలపై చుక్కలు ఎదురెదురుగా రావాలి. పేలుడు వరుస 1-3-4-2. హెడ్డు నట్లను నడిమి నుంచి అంచులకు, రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచితో మాన్యువల్‌లో చెప్పిన మేరకు బిగించాలి.

ఇంజనును చైన్ బ్లాకుతో దించి గేరుబాక్సుకు కలిపేటప్పుడు దాని బరువు క్షణమైనా క్లచ్ ప్లేటు మీద పడకూడదు. ప్లేటు వంగితే, గేరు పడేటప్పుడు కీచుమంటున్న కారణం తెలియక గేరుబాక్సును నిందించడం పరిపాటి. క్లచ్ ప్లేటును ముందే నడిమికి సరిచూసి, రెండు ముఖాలూ చేత్తోనే ఆనుకున్న తరువాతనే బోల్టులు బిగించాలి. సందు మిగిలితే బోల్టుతో లాగడం తప్పు.

చాలామంది మరచిపోయేది ఎర్తు పట్టీ. రబ్బరు మౌంటింగుల మీద కూర్చున్న ఇంజనుకూ బాడీకీ మధ్య ఆ పట్టీ లేకపోతే స్టార్టరు కరెంటు చోక్ లేదా యాక్సిలరేటర్ తీగ గుండా పారి, దానిని కాల్చివేస్తుంది. రేడియేటరును కూడా కడిగించకపోతే పాత మడ్డి కొత్త ఇంజనును వేడెక్కిస్తుంది.

స్టార్టు చేయడానికి ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆయిల్ గేజి ముల్లు లేచేవరకు, గేజి లేని నమూనాలో ఎర్రదీపం ఆరేవరకు స్టార్టరుతో తిప్పాలి. క్యామ్ షాఫ్టు, టాపెట్లు కొత్తవైతే తొలి ఇరవై నిమిషాలు ఐడిలింగ్‌లో వదలరాదు. నిమిషానికి సుమారు 2,000 భ్రమణాల వద్ద నడపాలి. పాత నమూనాలలో భ్రమణాల మీటరు లేదు గనుక చెవే కొలబద్ద.

కాగితాల సంగతి వేరు. ఇంజను నంబరు బ్లాకుకు చెందినది. అదే బ్లాకును బాగుచేయిస్తే ఆర్.సి. మారనక్కరలేదు, అయితే కడగడంలో, రంగు వేయడంలో ఆ నంబరు చెరగకూడదు. మరో ఇంజను పెడితే మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ వర్తిస్తుంది. ముందస్తు ఆమోదం లేకుండా మార్చినవారు 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలిపి, ఆర్.సి.లో నమోదు చేయించాలి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడటానికి ముందు రిజిస్టరై, నేటికీ మధ్యప్రదేశ్ నంబరుతోనే ఉన్న కార్ల యజమానులు ఆర్.సి.లోని ఇంజను నంబరును బ్లాకుతో సరిపోల్చుకోవడం మేలు. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకొకసారి జరిగే రెన్యువల్ తనిఖీలో ఈ తేడా బయటపడితే చిక్కు.

తొలి ఐదారు వందల కిలోమీటర్ల తరువాత ఆయిల్, ఫిల్టరు మార్చి, హెడ్డు నట్లనూ వాల్వు సందులనూ మరోసారి సరిచూడాలి. అంతవరకు అతివేగమూ వద్దు, పై గేరులో ఇంజనును మూలిగించడమూ వద్దు.