దువ్వెనల కంపెనీ నుంచి స్పిట్‌ఫైర్ దాకా: డెబ్బై అయిదేళ్ల ఎయిర్‌ఫిక్స్

1949లో లండన్‌లోని ఒక దువ్వెనల కంపెనీకి ఫెర్గూసన్ ట్రాక్టర్ల సంస్థ నుంచి ఆర్డరు వచ్చింది. తమ ప్రతినిధులు ఊరూరా తిరుగుతూ రైతులకు చూపించడానికి ట్రాక్టర్ నమూనా ఒకటి ప్లాస్టిక్‌లో చేసిపెట్టమన్నారు. కంపెనీ చేసింది. ముక్కలన్నీ అతికించి ఇవ్వడం ఖర్చుతో కూడిన పని కావడంతో, ఆ తర్వాత విడి భాగాలుగానే అమ్మకానికి పెట్టింది. కొన్నవాళ్లే ఇంట్లో కూర్చుని అతికించుకున్నారు. ఆ కంపెనీ పేరు ఎయిర్‌ఫిక్స్. ఆ ట్రాక్టర్ మొదలుకొని లెక్కేస్తే దాని నమూనాల చరిత్రకు డెబ్బై అయిదేళ్లు నిండాయి. యుద్ధ విమానాల మోడళ్లు చేసేవాళ్లకు ప్రపంచంలో ఎక్కడికి వెళ్లినా పరిచయం అక్కర్లేని పేరది.

స్థాపకుడు నికోలస్ కోవ్ హంగరీ నుంచి వలస వచ్చిన యూదుడు. 1939లో లండన్‌లో గాలి నింపే రబ్బరు బొమ్మలతో వ్యాపారం మొదలుపెట్టాడు. వ్యాపార డైరెక్టరీలో ముందు వరుసలో కనిపించాలని ఎయిర్‌ఫిక్స్ అన్న పేరు ఎంచుకున్నాడట. యుద్ధం ముగిశాక, 1947లో ఇంజెక్షన్ మౌల్డింగ్ యంత్రం తెప్పించి జేబు దువ్వెనలు పోయించాడు. ఆ సరుకులో బ్రిటన్‌లో అతనిదే పైచేయి అయింది. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి ఎక్కించి, చల్లారగానే బయటకు తీయడం ఆ యంత్రం పని. దువ్వెనకైనా యుద్ధ విమానం రెక్కకైనా పద్ధతి అదే.

1952లో వూల్‌వర్త్ దుకాణాల కోసం ఫ్రాన్సిస్ డ్రేక్ నౌక ‘గోల్డెన్ హైండ్’ వచ్చింది. వెల రెండు షిల్లింగులు. ఆ ధరకు అమ్మాలంటే అట్టపెట్టె గిట్టుబాటు కాదు. అందుకని ప్లాస్టిక్ సంచిలో ముక్కలు పోసి, పైన మడిచిన కాగితం పట్టీ కొట్టి అమ్మారు. అప్పుడే మరో ముఖ్యమైన మార్పు జరిగింది. అంతవరకు వాడిన సెల్యులోజ్ అసిటేట్‌ను పక్కన పెట్టి పాలిస్టైరీన్‌కు మారారు. అసిటేట్ కాలం గడిచేకొద్దీ వంకర తిరుగుతుంది. పాలిస్టైరీన్ పోసిన ఆకారంలోనే నిలబడుతుంది, పైగా చవక. కొలతలు నిక్కచ్చిగా ఉన్న నమూనా గురించి తర్వాత ఎవరు ఎంత మాట్లాడినా, ఆ మాటకు పునాది ఈ మార్పే.

ఆ వెంటనే, 1950ల తొలి సగంలో, సంస్థ మొదటి విమానంగా బ్రిటన్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ బయటికొచ్చింది. అది అమ్ముడుపోతుందని కోవ్‌కు నమ్మకం లేదు. అచ్చు ఖర్చు మీ జీతాల్లోంచి కోస్తానని తయారుచేసిన వాళ్లను బెదిరించాడని సంస్థ చరిత్రలో చెప్పుకుంటారు. స్పిట్‌ఫైర్ అమ్ముడుపోయింది. కానీ విమానాలు తెలిసినవాళ్లు దాన్ని మెచ్చలేదు. అమెరికాలో అరోరా సంస్థ 1/48 స్కేలులో చేసిన కిట్‌ను 1/72కు కుదించిన నకలు అది. అసలుదానిలోని తప్పులు కుదింపులోనూ అలాగే దిగాయి. పక్కన రాసిన బీటీ-కె అక్షరాలను బట్టి మోడలర్లు నేటికీ దాన్ని ‘బీటీకే స్పిట్‌ఫైర్’ అనే పిలుస్తారు. ఇప్పుడది పాత సరుకు సేకరించేవాళ్లకు అపురూపం. ఆకారంలో మాత్రం స్పిట్‌ఫైర్ కాదు.

ఎందుకు కాదో చెప్పాలంటే అసలు విమానం కింద నిలబడి చూడాలి. తొలి రకం స్పిట్‌ఫైర్‌లో రెక్కల కింద రెండు వైపులా ఒకేలా ఉండవు. కుడి రెక్క కింద పెద్ద రేడియేటర్, ఎడమ రెక్క కింద సన్నటి ఆయిల్ కూలర్. మార్క్ 9కు వచ్చేసరికి రెండు పక్కలా సమానమైన రేడియేటర్లు వచ్చాయి. మెర్లిన్ ఇంజనుకు రెండు దశల సూపర్‌చార్జర్ చేరడంతో ముక్కు పొడవు పెరిగింది. మూడు రెక్కల ప్రొపెల్లర్ పోయి నాలుగు రెక్కలది వచ్చింది. పొగగొట్టాలు పక్కకు మూడు నుంచి ఆరయ్యాయి. ఆకాశంలో చూసినవాడికి రెండూ స్పిట్‌ఫైర్లే. నమూనా కట్టేవాడికి అవి రెండు వేర్వేరు విమానాలు. ఒకదాని ముక్కుకు మరొకదాని రేడియేటర్ తగిలిస్తే, ఏ కర్మాగారమూ తయారుచేయని, ఏ పైలటూ ఎక్కని యంత్రం బల్ల మీద మిగులుతుంది.

1960లో వచ్చిన మార్క్ 9 కిట్‌తో ఎయిర్‌ఫిక్స్ ఈ సంగతి గ్రహించిందని చెప్పవచ్చు. దాని మీద జేఈ-జె అక్షరాలు ఊరికే వేసినవి కావు. అవి పశ్చిమ ఐరోపా గగనతలంలో 34 శత్రు విమానాలను కూల్చిన రాయల్ ఎయిర్‌ఫోర్స్ వింగ్ కమాండర్ జానీ జాన్సన్ విమానానివి. ఆ రోజుల్లో డిజైన్ విభాగానికి పెద్ద జాన్ ఎడ్వర్డ్స్. తయారీదారుల డ్రాయింగులు, ఫొటోలు సంపాదించి, వాటి నుంచి తన సొంత డ్రాయింగులు గీసుకుని పని నడిపించాడు. అదే ఏడాది ‘ఎయిర్‌ఫిక్స్ మ్యాగజైన్’ కూడా మొదలైంది. కిట్‌ను ఎలా సరిదిద్దుకోవాలో, ఏ దళం విమానానికి ఏ రంగు వేయాలో పాఠకులకు నెలనెలా నేర్పింది ఆ పత్రికే. తన సరుకులోని లోపాలు కొన్నవాళ్లకు కనబడేలా వాళ్ల కంటికి పదును పెట్టడానికి ధైర్యం కావాలి. ఈ సంస్థ చేసిన పనుల్లో అత్యంత గౌరవించదగ్గది అదే.

1/72 అన్న స్కేలు ఎయిర్‌ఫిక్స్ కనిపెట్టింది కాదు. ఆరడుగుల మనిషి సరిగ్గా అంగుళం అవుతాడన్న సులువైన లెక్క దాని వెనుక ఉంది. 1932లో బ్రిటన్‌లో జేమ్స్ హే స్టీవెన్స్ రూపొందించిన ‘స్కైబర్డ్స్’ చెక్క నమూనాలు ఆ స్కేలును వాడుకలోకి తెచ్చాయి. 1936లో ఫ్రాగ్ సంస్థ ‘పెంగ్విన్’ పేరుతో అదే స్కేలులో ప్లాస్టిక్ కిట్లు తెచ్చింది. ఎగరని పక్షి పేరు, ఎగరని విమానానికి. వాడింది అసిటేట్ కావడంతో నేడు మిగిలిన వాటిలో చాలావాటి రెక్కలు మెలితిరిగి ఉంటాయి.

ఆ తర్వాత యుద్ధం ఈ స్కేలుకు ఒక బాధ్యత అప్పగించింది. 1942లో అమెరికా నౌకాదళం దేశంలోని హైస్కూళ్లను 1/72లో అయిదు లక్షల విమాన నమూనాలు చెక్కి ఇవ్వమని కోరింది. గన్నర్లకు, నావికులకు శత్రువెవరో మిత్రుడెవరో ఆకారం చూసి పోల్చడం నేర్పడానికి అవి కావాలి. ముప్పై అయిదు అడుగుల దూరంలో పట్టుకున్న 1/72 నమూనా, సుమారు అరమైలు దూరంలో ఎగిరే నిజమైన విమానమంత కనిపిస్తుంది. తోక కాస్త లావైనా, రెక్క వంపు కాస్త తప్పినా సొంత విమానం మీదే తుపాకీ పేలే ప్రమాదముంది. పిల్లలు చెక్కిన ముక్కలను తనిఖీ చేసి, కొలత తప్పినవాటిని వెనక్కి పంపారు. నిక్కచ్చి కొలత మీద మోడలర్ల పట్టుదలను ఉత్త చాదస్తమని కొట్టిపారేసేవాళ్లు ఈ చరిత్ర ఒకసారి గుర్తు చేసుకోవాలి.

కొలత అంటే ఎంత కొలత? స్పిట్‌ఫైర్ ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొసకు 11.23 మీటర్లు. 1/72లో అది 15.6 సెంటీమీటర్లు. పొడవు 12.7 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఇంతవరకు స్కేలు పట్టుకున్న ఎవరికైనా చేతనవుతుంది. కష్టమంతా చిన్నవాటి దగ్గరే. రేకుల మధ్య అతుకు గీతలను మోడలర్లు ప్యానెల్ లైన్లు అంటారు. కిట్ మీద అలాంటి గీత 0.3 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే, అసలు విమానం మీద అది దాదాపు 22 మిల్లీమీటర్ల సందు అయినట్టు. అంటే వేలు దూరేంత కంత. అలాంటి విమానం గాల్లోకి లేవదు. పాత ఎయిర్‌ఫిక్స్ కిట్ల మీద రివెట్లు ఉబ్బెత్తుగా, ఇసుక రేణువుల్లా ఉండేవి. స్కేలు ప్రకారం లెక్కేస్తే అవి బొత్తాలంత. అందుకే అనుభవజ్ఞులు ముందు ఉప్పుకాగితంతో వాటిని అరగదీసి, తర్వాత సన్నని సూదితో గీతలు మళ్లీ లాక్కునేవారు. ఈ గీతలు ఎంత సన్నంగా ఉండాలి, అసలు ఉండాలా వద్దా అన్న వాదన మోడలర్ల క్లబ్బుల్లో నేటికీ తెగలేదు.

కంప్యూటర్లు రాని రోజుల్లో ఆ అచ్చులు చేసిన తీరు చూస్తే తప్పుల కంటే ఒప్పులే ఆశ్చర్యపరుస్తాయి. ముందు డ్రాయింగు. దాన్ని బట్టి కిట్ కంటే చాలా పెద్ద సైజులో నమూనా. ఆ నమూనా ఉపరితలం మీద పాంటోగ్రాఫ్ యంత్రం ఒక కొసను నడిపిస్తే, రెండో కొసన ఉన్న కత్తి అదే ఆకారాన్ని కుదించి లోహంలో తొలుస్తుంది. చివరి మెరుగు పనివాడి చేతిదే. అచ్చులో విమానం తిరగేసి ఉంటుంది. రెక్క ఉబ్బున్న చోట అచ్చు గుంట. గీత పల్లంగా రావాలంటే అచ్చులో గట్టు మిగలాలి. గట్టు మిగిల్చేలా చుట్టూ లోహమంతా తొలవడం కంటే నేరుగా గీత గీయడం తేలిక. ఆ తేలిక పద్ధతిలో కిట్ మీద గీతలు ఉబ్బెత్తుగా పడతాయి. పాత కిట్లలో అలా ఉండటానికి కారణం నిర్లక్ష్యం కాదు.

పెట్టె మీది బొమ్మ గురించి చెప్పకుండా ఈ చరిత్ర పూర్తికాదు. 1964లో ఎయిర్‌ఫిక్స్‌కు బొమ్మలు వేయడం మొదలుపెట్టిన రాయ్ క్రాస్ చిత్రలేఖనాన్ని చాలావరకు తనంతట తానే నేర్చుకున్నవాడు. యుద్ధకాలంలో ఫెయిరీ విమాన కర్మాగారంలో సాంకేతిక చిత్రాలు గీసిన చెయ్యి అది. అందుకే అతని బాంబరు మంటల్లో కూలుతున్నా, దాని ఇంజను కప్పు మీద మూత ఉండాల్సిన చోటే ఉంటుంది. పదేళ్ల పాటు అతని బొమ్మ చూసి కిట్ కొన్న పిల్లలు, లోపలి ప్లాస్టిక్ కూడా ఆ బొమ్మంత నిజంగా ఉండాలని కోరుకున్నారు. ఆ కోరిక డిజైనర్ల మీద పెట్టిన ఒత్తిడి తక్కువేమీ కాదు. 1970ల నుంచి పెట్టెల మీద పేలుళ్లు, కూలిపోతున్న విమానాలు చెరిపేసి అచ్చేశారు. మూలచిత్రాలు చూసినవాళ్లకు ఆ ఖాళీ ఆకాశం వెలితిగానే ఉంటుంది. క్రాస్ 2024లో, నూరేళ్ల వయసులో కన్నుమూశాడు.

1970లో 1/24 స్కేలులో స్పిట్‌ఫైర్ వచ్చింది. దాదాపు 47 సెంటీమీటర్ల రెక్కలు, లోపల మెర్లిన్ ఇంజను, తుపాకుల అరలు. సంస్థ ఉచ్చదశ అదే. తర్వాత పతనం త్వరగానే వచ్చింది. 1981లో మాతృసంస్థ కుప్పకూలింది. బొమ్మల సంస్థ పాలిటాయ్ కొనుక్కుంది, అచ్చులు ఫ్రాన్స్‌లోని కలే రేవుకు చేరాయి. 1986లో రంగుల కంపెనీ హంబ్రోల్ గూటికి చేరింది. 2006 ఆగస్టు 31న హంబ్రోల్ కూడా దివాలా తీసింది. అదే ఏడాది నవంబరులో బొమ్మరైళ్ల సంస్థ హార్న్‌బీ 26 లక్షల పౌండ్లకు హంబ్రోల్‌ను, ఎయిర్‌ఫిక్స్‌ను కలిపి కొనేసింది. యజమానులు మారినా ఉక్కు అచ్చులు మిగిలాయి. సంస్థను బతికించింది అవే.

హార్న్‌బీ కాలంలో కొలతల సంగతి కొత్త దారి పట్టింది. ఒకే ఒక్క పూర్తి విమానంగా మిగిలి, బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉన్న బోల్టన్ పాల్ డిఫయంట్‌ను లేజరు కిరణాలతో ఒళ్లంతా స్కాన్ చేసి, ఆ కొలతలతో 1/72 కిట్ రూపొందించారు. పాత డ్రాయింగు అబద్ధమాడవచ్చు, లేజరు ఆడదు. అయితే మ్యూజియంలో విమానం ఎనభై ఏళ్ల వయసుది. ఒరిగి ఉండొచ్చు, మరమ్మతుల్లో ఏదో భాగం మారి ఉండొచ్చు. అందుకే స్కాన్ చేతికొచ్చాక కూడా పాత ఫొటోలు ముందేసుకునే మనిషి అవసరం తీరలేదు.

ఇక మన సంగతి. 2010 దశకపు ఎయిర్‌ఫిక్స్ పెట్టెలు చాలావాటి మీద ‘మేడిన్ ఇండియా’ అని ఉంటుంది. ఆ కిట్ల ముక్కలు పోసింది మన దేశంలోనే. సంస్థ జాబితాలో భారత వాయుసేన, నౌకాదళం గుర్తులతో ఎగిరిన రకాలూ తక్కువ కాదు: లైజాండర్, హరికేన్, స్పిట్‌ఫైర్, హంటర్, కాన్‌బెరా, సీ హాక్, సీ హారియర్. విశాఖ సాగరతీరాన ప్రదర్శనలో ఉన్న సీ హారియర్ దగ్గరికి మన మోడలరు ఎవరైనా కెమెరాతో వెళ్లి, ఇంజను గాలి ద్వారాలు, తిరిగే నాజిళ్లు, చక్రాల అమరిక ఫొటోలు తీసుకుని రావచ్చు. లండన్‌లో ఎడ్వర్డ్స్ ఎక్కడెక్కడి నుంచో సేకరించిన సమాచారం మనవాళ్లకు బస్సు చార్జీకే దొరుకుతోంది.

ఒక్క లోటు మాత్రం ఉంది. ఎయిర్‌ఫిక్స్ 1960ల నుంచి అమ్ముతున్న నాట్, రెండు సీట్ల శిక్షణ విమానం. మన వాయుసేన నడిపినది, బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో తయారైనది ఒంటిసీటు యుద్ధ విమానం. శిక్షణ రకానికి రెక్కలు పెద్దవి, ఒళ్లు పొడవు. కాక్‌పిట్ మూత మార్చి, మూడు రంగుల వలయం అతికించినంత మాత్రాన అది మన నాట్ కాదు. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద ఒంటరిగా పోరాడి ప్రాణాలర్పించిన ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నడిపింది ఆ ఒంటిసీటు నాట్‌నే. వాయుసేన మొత్తానికి దక్కిన ఏకైక పరమవీర చక్ర ఆయనది. జాన్సన్ స్పిట్‌ఫైర్ మీద అక్షరం పొల్లుపోకుండా చూసుకున్న సంస్థ, తన కిట్లను ఈ దేశంలో పోయించుకున్న సంస్థ, సెఖోన్ నాట్‌ను కూడా అంతే నిక్కచ్చి కొలతలతో అచ్చు వేయాలి. దేశంలోని మోడలర్లు, క్లబ్బులు మార్గేట్‌లోని సంస్థ కార్యాలయానికి ఆ విన్నపం పంపాలి.