అట్టవేసి చదివిన నవల

కోటనుండి గూడూరునకు పోవు బస్సులో కిటికీ ప్రక్కన గూర్చుండి, సిలికా ఇసుక లారీల వెనుక చిక్కి బస్సు మెల్లమెల్లగా సాగుచుండగా, దినపత్రిక కాగితముతో అట్టవేసిన లావుపాటి నవల నొకదానిని చదువుచుంటిని. నాయొద్ద పూర్వము చదువుకొన్నవా డొకడు ప్రక్క సీటులోనుండి తొంగిచూచి, "ఏంది సార్, చదవతా ఉండారు?" అని యడిగెను. క్షణమైనను తడుముకొనక "చరిత్ర" అంటిని. అట్టక్రింద నున్నవి రెక్కల సర్పములు, మంత్రదండములు, మరుగుజ్జు వీరులు. ముప్పదియేండ్లు ప్రబంధములలోని శ్లేషలు విప్పి చెప్పిన తెలుగు పంతులు చేతిలో నుండదగిన పుస్తకము గాదని నేనే తీర్మానించుకొంటిని కాబోలు! అయినను నా యబద్ధములో కొంత నిజము లేకపోలేదు. ఆ నవలకును చరిత్ర యున్నది.

1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా అను చిన్న యూరినుండి, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు కల్పించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆట తొలుత వేయి ప్రతులుగా వెలువడెను. పచ్చీసునకువలె గడులుగాని, వైకుంఠపాళికివలె నిచ్చెనలుగాని దానికి లేవు. నలుగురైదుగురు బల్లచుట్టు జేరి, ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ అని వేషములు పంచుకొని, కథ నడుపువాడు వర్ణించిన గుహలో బ్రవేశించి, తాము చేయబూనినది నోటితో జెప్పి, ఫలితమును పాచికలకు విడిచిపెట్టుదురు. ఆ పాచికలలో నిరువది ముఖములది కూడ నొకటి కలదు. శకుని చూచియుండినచో ముచ్చటపడెడివాడు.

పదేండ్లకు, 1984లో, ఆ యాటపై నల్లిన కథనుండి మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్మన్ అనువారు 'డ్రాగన్స్ ఆఫ్ ఆటమ్ ట్వైలైట్' అను నవలను వ్రాసిరి. నా యట్టక్రిందిది యదియే. అందు రైస్ట్లిన్ అను మాంత్రికుడు కలడు: బంగారువన్నె చర్మము, ఇసుకగడియారముల వంటి కనుపాపలు, ఎడతెగని దగ్గు, గుసగుసగా వెలువడు మాట. ఆ గొంతుక రచయితలు కాగితముపై గల్పించినది గాదట. ఆటను పరీక్షించుచున్న దినములలో ఆ వేషము పూనిన మిత్రుడొకడు అప్పటికప్పుడు స్వరము తగ్గించి గరగరగా బలికినదట. శైలి మాట యడిగితిరేని, దాచనేల, నాసి. పోరు వచ్చినపుడెల్ల పాచిక దొర్లిన చప్పుడు వినబడుచునే యుండును. అయినను ఆ మాంత్రికుడు దగ్గినపుడెల్ల పుట త్రిప్పుచు, రాత్రి రెండుగంటలైనను దీప మార్పనైతిని.

ఈ రుచి నాకు సముద్రములు దాటి వచ్చినది గాదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణులు మదరాసులో నెలకొల్పిన 'చందమామ' నా చిన్ననాట గూడూరు మీదుగా మా యూరు చేరెడిది. లెక్కల పుస్తకము నడుమ బెట్టి నేను దాని జదివెడివాడను. అందు 1954లో 'తోకచుక్క' అను సీరియలు మొదలయ్యెను. పిమ్మట నెన్నేండ్లో ఆ మాయాలోకము నెలనెల సాగెను: 'శిథిలాలయము'లో శిఖిముఖి, విక్రమకేసరి; 'యక్షపర్వతము'లో ఖడ్గవర్మ, జీవదత్తుడు; 'మాయాసరోవరము'లో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒకనికొకడు తోడై అడవిబట్టిపోవుట, ప్రతి మలుపునను వికృతాకారు డొకడు తారసిల్లుట, గండము నడుమ కథ యాగుట! లేక్ జెనీవాలో తొలి ప్రతి యమ్ముడుపోవునాటికి మన తోకచుక్క పొడిచి యిరువదేండ్లు.

అంతకు మున్ను మధిర సుబ్బన్న దీక్షితులు యతి నొకనిని, పశులకాపరి నొకనిని కాశికి నడిపించి, మజిలీకొక వింతయు దాని కథయు జొప్పున పండ్రెండు భాగములు నింపిరి. దీర్ఘముగా నూకదంపువానిని "కాశీమజిలీ కథలు చెప్పకు" అని లోకులు కసరుదురు గాని, 1951లో 'పాతాళభైరవి'కి దారిజూపినవి యా కథలే. ఆ చిత్రమును దీసినవారును చందమామ వారే.

చందమామ సీరియలు పుటపై బొమ్మక్రింద చిత్రకారుని సంతకము 'చిత్రా' అని కనబడెడిది. రచయిత పేరు మాత్ర మచ్చు కాకుండెడిది. తోకచుక్కనుండి మాయాసరోవరమువరకు వాని నన్నిటిని వ్రాసినది దాసరి సుబ్రహ్మణ్యముగారని, వారు 1952నుండి ఆ కార్యాలయముననే పనిచేయుచుండిరని నేను దెలిసికొనునప్పటికి నాకు తల నెరసినది. ఆయన 2010లో గతించిరి.

గూడూరులో దిగునపుడు ఆ పూర్వశిష్యునకు పుస్తకము పేరు నిజముగా జెప్పితిని. వాడు నవ్వి, "మా వాడు ఆడతా ఉంటాడు సార్ ఆ ఆట, సెల్‌ఫోన్‌లో" అనెను. రెండవ సంపుటము 'డ్రాగన్స్ ఆఫ్ వింటర్ నైట్' కోటలోను గూడూరులోను నాకు దొరకలేదు. చదువరులలో నెవరియొద్దనైన నున్నచో ఒక వారము ఎరువిచ్చిన చాలును, అట్ట వేయకయే చదివి తిరిగి యిచ్చెదను.