జొన్నగిరి పలుగురాయిలో బంగారం

కృష్ణాతీరంలోని కొల్లూరు, పరిటాల గనులు వజ్రాలకు లోకప్రసిద్ధి పొందగా, తెలుగునాట బంగారం చరిత్ర ప్రధానంగా రాయలసీమ శిలలలో సాగింది. ఆ శిలల మధ్య కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో ఉన్న జొన్నగిరి నిక్షేపం చిన్నదే అయినా, ప్రాచీనుల అన్వేషణనూ ఆధునికుల అన్వేషణనూ ఒకేచోట పోల్చి చూడదగినది.

ఇక్కడ గ్రానైట్ల నడుమ సన్నని పట్టీగా కనిపించే షిస్ట్ శిలలు, అనగా పురాతన లావాలూ అవక్షేపాలూ వేడికీ ఒత్తిడికీ లోనై పొరలుగా మారిన రాళ్లు, సుమారు 270 కోట్ల ఏళ్లనాటివి. తరువాతి కాలంలో శిలలు ఒకదానితో ఒకటి ఒరుసుకొని నలిగినచోట ఏర్పడిన పగుళ్ల వెంట లోతుల నుంచి వేడి ద్రవాలు పైకి వచ్చి, చల్లారుతూ పలుగురాయి సిరలుగా గడ్డకట్టగా, వాటితోపాటే బంగారమూ సూక్ష్మరేణువులుగా నిలిచిపోయింది.

జొన్నగిరి సమీపంలోనే, ఎర్రగుడి బండలపై ఉన్న అశోకుని శాసనాలు 1929 ప్రాంతంలో వెలుగుచూశాయి. వాటిని గుర్తించినవాడు ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు కావడం విశేషం. అశోకునిదే అయిన బ్రహ్మగిరి శాసనంలో ఆర్యపుత్రుని, అనగా రాజకుమారుని, పేర ఆజ్ఞలు వెలువడిన స్థానంగా పేర్కొన్న సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు పండితులు భావించారు. మస్కి, కనకగిరుల పక్షాన కూడా వాదాలున్నందున దాన్ని తేలిన విషయంగా తీసుకోలేము. అయినా దక్షిణాపథంలో అశోకుని శాసనాలు పలుచోట్ల బంగారం ఉన్న శిలల పట్టీల చెంతనే కనిపిస్తున్నందున, మౌర్యులను ఇంత దూరం రప్పించిన కారణాలలో బంగారం ఒకటని అనుకోవడం సమంజసమే.

దక్కనులోని పాత పనివారు బండను కట్టెలతో కాల్చి పగులగొట్టి, పలుగురాయిని నూరి, నీటిలో కడిగి బంగారం తీసేవారు. బంగారం దట్టంగా ఉన్న సిరలే వారికి గిట్టుబాటయ్యేవి కనుక, చుట్టూ పలచగా వ్యాపించిన లోహం నేలలోనే మిగిలింది. వారు వదిలిన గుంటలే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వంటి ఆధునిక అన్వేషకులకు తొలి ఆనవాళ్లు కాగా, ఆపై కందకాలు తవ్వి, యంత్రంతో లోతు నుంచి రాతి కడ్డీలు తీసి, వాటిలోని లోహాన్ని కొలవడం నేటి పద్ధతి. 1993 జాతీయ ఖనిజ విధానం బంగారాన్ని ప్రైవేటు రంగానికి తెరిచాక, జియోమైసూర్ సంస్థ జొన్నగిరిలో అన్వేషణ సాగించి 2013లో గని లీజు పొందింది. టన్ను రాతికి ఒకటి రెండు గ్రాములు మాత్రమే దొరికే ఇటువంటి చోట, సిరను వెంబడించే సొరంగానికి బదులు, ఖనిజం వ్యాపించిన మేర మొత్తాన్ని పైనుంచి తవ్వి తీయవలసి ఉంటుంది.