జేబులో పండుగ భోజనం

పండక్కి సరుకులు తెమ్మని పంపితే ఆయనగారు పుస్తకం పట్టుకొస్తే మనం ఊరుకుంటామా? పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో నాన్సీ లాకింగ్టన్‌కి సరిగ్గా అదే జరిగింది. భర్త జేమ్స్ చెప్పులు కుట్టేవాడు. ఒక క్రిస్మస్ ముందురోజు ఇంట్లో మిగిలింది రెండున్నర షిల్లింగులు. బజారుకి బయల్దేరిన మనిషి దారిలో పాత పుస్తకాల కొట్టు చూశాడు. ఎడ్వర్డ్ యంగ్ కావ్యం 'నైట్ థాట్స్' కొనేశాడు. మాంసమేదీ అంటే జేబులో ఉందన్నాడట! తిండైతే రేపటితో సరి, పుస్తకమైతే యాభై ఏళ్ళ విందని నచ్చజెప్పాడు. ఆవిడ ఒప్పుకుందనే 1791లో ఆత్మకథలో రాసుకున్నాడు. ఆవిడ రాసి ఉంటే తెలిసేది!

1774లో చిన్న కొట్టు పెట్టాడు. మెథడిస్టులు వడ్డీ లేకుండా ఇచ్చిన ఐదు పౌన్ల అప్పుతో సరుకు పెంచాడు. అప్పటి పుస్తక వర్తకులు మిగిలిపోయిన ప్రతులు చౌకగా కొని, ధర పడిపోకుండా సగమో ముప్పాతికో నాశనం చేసేవారు. లాకింగ్టన్ ఒక్కటీ పాడు చెయ్యక, సగం ధరకీ పావు ధరకీ అమ్మేశాడు. 1780 నుంచి అరువు మాటే లేదు, ఎంత గొప్పవాళ్ళైనా సరే. తోటి వర్తకులు పళ్ళు నూరారు. ఆయన మాత్రం ఏడాదికి లక్ష పైగా పుస్తకాలు అమ్మే స్థాయికొచ్చాడు.

నాన్సీ ఇదేదీ చూడలేదు. 1775లోనే జ్వరంతో పోయింది.